ఏడో కొలత

ఆ రోజు నేను ఏడో కొలత పోశానా, పోయలేదా అన్న సందేహం పదకొండేళ్లుగా నాతోనే ఉంది. కూరలో ఉప్పు వేశానా లేదా అన్న అనుమానం రోజూ వచ్చేదే, ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే తీరిపోతుంది. ఇది అలా తీరేది కాదు. ఆరు కొలతలు పోసినా ఏడు పోసినా, మిగతాది మామూలు నీళ్లతో గీత దాకా నింపేశాక సీసాలో నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. రంగు మారదు, వాసన రాదు, రుచి చూడకూడదు. పొద్దున దణ్ణం పెట్టుకునేటప్పుడు చాలాసార్లు అడిగాను, నువ్వు చూశావు కదా స్వామీ, చెప్పు, అని. ఆయన చూశాడన్న నమ్మకం నాకుంది. చెప్తాడన్న నమ్మకం ఏ రోజూ కలగలేదు. ఇప్పుడు మధ్యాహ్నం నాలుగు కావస్తోంది, ఈ ఇనుప కుర్చీలో కూర్చుని తెర మీద ఎర్రటి అంకెలు పరిగెత్తడం చూస్తున్నాను, ఇవాళ చెప్పేస్తాడేమో అనిపిస్తోంది.

ఈ హాల్లో పని చేయబట్టి ఇరవై ఆరేళ్లు. నా పని సీసాలు. ఎక్కడెక్కడి నుంచో బృందాలు పొడులూ జిగురులూ పట్టుకొస్తే వాటిని నీళ్లలో కలిపి, అరచేతి గుంటలో పట్టే గుండ్రటి గాజు సీసాల్లోకి బుడగ లేకుండా ఎక్కించి, మూత బిగించి, కిరణానికి ఎదురుగా వరసలో నిలబెట్టాలి. అందుకే చిన్నా పెద్దా అందరికీ నేను సీసాల అక్కని. గోడ అవతల రియాక్టరు ఉంది. దాన్లోంచి న్యూట్రాన్లు గొట్టం గుండా వచ్చి సీసాలోంచి దూరి వెళ్తాయి. లోపలున్న అణువులకి తగిలి కొన్ని పక్కకి చెదురుతాయి. ఎంత పక్కకి ఎన్ని చెదిరాయో అవతలి పలక లెక్కపెడుతుంది, ఆ లెక్కని బట్టి లోపలున్నది ఏ ఆకారంలో ఉందో చెప్తారు. మెట్లెక్కే చప్పుడు విని వచ్చింది ఎవరో చెప్పడం లాంటిదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇన్నేళ్లలో నేను కలిపిన అణువుల్లో ఒక్కదాన్నీ ఎవరూ కంటితో చూడలేదు. చూడనిదాని గురించి ఇంత గట్టిగా పోట్లాడుకుంటారేమిటని మొదట్లో నవ్వొచ్చేది. నేను రోజూ పొద్దున చేసే పని కూడా అలాంటిదే కదా అని తర్వాత నోరు మూసుకున్నాను.

ఇవాళ సాయంత్రం ఐదింటికి రియాక్టరు ఆపేస్తున్నారు. మరమ్మతుకి కాదు, ఇక ఎప్పటికీ. అందుకని పొద్దుటి నుంచి హాలంతా జనం, ఫోటోలు తీసుకునేవాళ్లూ, యంత్రాల మీద చెయ్యేసి నిలబడేవాళ్లూ. ఈ యంత్రాన్ని చూసుకునే యంత్రం సారు నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఆయన్ని నెల్లాళ్ల కిందట అడిగాను, చివరి గంట నాకిస్తారా అని. "పెద్దపెద్దవాళ్లు అడిగితే ఇవ్వలేదక్కా, మీకెందుకు?" అన్నాడు. తలుపు పక్కన పురికొసతో వేలాడే పుస్తకం తెచ్చి ఆ పేజీ చూపించాను. చదివి తల గోక్కున్నాడు. "ఆ పుస్తకమంటే నాకూ భయమే, తీసుకోండి" అన్నాడు. మా దగ్గర బృందాలు ఒకరికొకరు గంటలు బదులిచ్చుకుంటారు. ఒకరి సీసా పగులుతుంది, ఒకరి పొడి కరగదు, పక్కవాళ్ల దగ్గర గంట తీసుకుని తర్వాత తీరుస్తారు. అదంతా ఆ పుస్తకంలో రాస్తారు. గంట అంటే గడియారం గంట కాదు. కిరణం ఒక రోజు జోరుగా ఉంటుంది, ఒక రోజు నీరసంగా ఉంటుంది కాబట్టి సీసాకి ముందు మానిటరని చిన్న లెక్కింపు పెట్టె పెడతారు. దాని మీద తొంభై లక్షలు పడితే ఒక గంట ఇచ్చినట్టు. తీరాక, ఇచ్చినవాళ్లే తమ చేత్తో ఆ వరస పక్కన 'ముట్టింది' అని రాయాలి. తీసుకున్నవాళ్లు రాస్తే చెల్లదు. పుస్తకం అట్ట చిరిగిపోయింది, రెండుసార్లు నేనే కుట్టాను. ముట్టింది అన్న మాట లేని వరస అందులో ఇప్పుడు ఒక్కటే ఉంది. లెక్కల పిల్ల నుంచి, సీసాల అక్కకి, ఒక గంట.

ఏడు లక్షలు. ఎనిమిది. తెర మీద చుక్కలు ఇంకా కుదురుకోలేదు, పైకీ కిందకీ చిందులేస్తున్నాయి. మొదట్లో ఎప్పుడూ అంతే. లెక్కల పిల్ల అంటే అప్పటికి ఇరవై ఏడేళ్ల మనిషి, పిల్లేం కాదు. పెద్దసారు దగ్గర పరిశోధనకి చేరింది. సన్నగా, ఎప్పుడూ చేతి వెనక ఏదో అంకె రాసుకుని ఉండేది. మిగతావాళ్లు సీసాలు పట్టుకుంటే ఆమె కంప్యూటరు పట్టుకునేది. ఆ అణువుని నాకు చూపించింది ఆమే. నడుమ నుంచి మూడు కొమ్మలు, ఒక్కో కొమ్మకి రెండు, దానికి మళ్లీ రెండు, అలా ఆరేడు తరాలు. అందులో ఒక్కో ముక్కనీ పూసలాగా చేసి, పూసకీ పూసకీ మధ్య స్ప్రింగు పెట్టి, చుట్టూ ఉన్న నీళ్లు దాన్ని ఎలా కుదుపుతాయో లెక్కలతో కుదిపేది. కంప్యూటరు వారం రోజులు మూలిగితే ఆ అణువు రెప్పపాటు కదిలేది. మధ్యాహ్నం టీ పట్టుకుని వెళ్లి ఆమె వెనక నిలబడేదాన్ని. చివరలకి ఎర్ర రంగు వేసింది. చెట్టయితే చివరలు బయట ఉండాలి కదా, ఇక్కడ ఎర్ర పూసలు కొన్ని బయట ఉన్నాయి, చాలా లోపలికి వచ్చేశాయి. చలికి కాళ్లు కడుపులోకి ముడుచుకున్న మనిషిలా ఉంది. "చూశారా అక్కా, చాపుకుని ఉంటుందనుకుంటాం, ఇది ముడుచుకుంటోంది. మీ ఆయన కూడా ఇంతేనా?" అంది. "మా ఆయన ముడుచుకోవడమా. పరుచుకుంటాడు, మంచం చాలదు" అన్నాను. టీ మీద పోసుకునేంతగా నవ్వింది. ఆ పూసలన్నీ నడుమ వైపు రావడం చూస్తే నాకేదో హాయిగా అనిపించింది. ఎంత దూరం కొమ్మలేసినా చివర మొదటికి వస్తోంది కదా అనుకున్నాను. ఆ మాట ఆమెతో అనలేదు, దేవుడి మాటలు కంప్యూటరు ముందు ఎందుకులే అని.

పెద్దసారుకి అది నచ్చలేదు. చివరలు బయటే ఉంటాయని ఆయన ఇరవై ఏళ్ల కిందటే రాశారు. ఆయన చెడ్డవారు కాదు. నా జ్వరానికి తన కారులో ఇంటి దగ్గర దింపిన మనిషి. ఆమెని కూర్చోబెట్టి, "కంప్యూటరు నువ్వు చెప్పిందే తిరిగి చెప్తుందమ్మా. సీసాలో ఉన్నది మనం చెప్పింది వినదు. కొలుద్దాం" అన్నారు. అది న్యాయమైన మాటే. ఎక్కడ తప్పుందో వెతుకుదామని పదకొండేళ్లు తిరగేసినా ఆ మాటలో తప్పు లేదు. చివరలని మాత్రమే చూడాలంటే ఒక ఉపాయం ఉంది. మామూలు నీళ్లలో భారజలమని ఇంకోరకం నీళ్లు సరిగ్గా ఇంతని కలిపితే, అణువు ఒళ్లంతా కిరణానికి కనిపించకుండా పోతుంది, గుర్తు పెట్టిన చివరలు మాత్రం మెరుస్తాయి. మనిషి మాయమైపోయి గోళ్లు మాత్రం మిగిలినట్టు. భారజలం ఏడు కొలతలు పోయాలి. ఆరు పోస్తే ఒళ్లు పూర్తిగా మాయం కాదు, దాని మెరుపు చివరల మెరుపులో కలిసిపోయి లెక్క తారుమారవుతుంది. ఇదంతా నాకు నోటికి వచ్చు. వచ్చినా.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఇక్కడి దాకా నాకు గుర్తుంది. కొలత గొట్టంలోకి లాగడం, సీసా అంచుకి ఆనించడం, ఆఖరి చుక్క పడేదాకా ఆగడం. ఆరు తర్వాత ఫోను మోగింది. ఇంటి నుంచి ఫోను పనివేళల్లో ఎప్పుడూ రాదు. మా ఆయన. "చిన్నది గుండీ మింగేసింది. నా చొక్కాదే. నీలం చొక్కా." ఏ చొక్కా అయితే ఏమిటండీ అని అరిచాను. ఊపిరి తీసుకుంటోందా అంటే తీసుకుంటోందన్నాడు, ఏడుస్తోందా అంటే నవ్వుతోందన్నాడు. మా అత్తగారు వెనక నుంచి అరటిపండు పెట్టమంటోంది, ఆయన పెట్టాలా వద్దా అని నన్నడుగుతున్నాడు. ఎంతసేపు మాట్లాడానో తెలీదు. తిరిగొచ్చి చూస్తే కొలత గొట్టం బల్ల మీద అడ్డంగా పడి ఉంది, తడిగా ఉంది. ఏడోది పోసేసి ఫోను ఎత్తానా, ఏడోది లాగబోతూ వదిలేశానా. సీసా బొజ్జలో నీళ్ల ఎత్తు చూస్తే ఏడనీ అనిపించింది, ఆరనీ అనిపించింది. తూకం వేస్తే తేలిపోయేది. తూకం గదిలో ఇంకో బృందం ఉంది, కాసేపు ఆగమని అడగాలి, ఎందుకని వాళ్లడుగుతారు, లెక్క మర్చిపోయానని చెప్పాలి. పారబోసి మళ్లీ మొదలుపెడదామంటే ఆ పొడి చిటికెడే ఉంది, నెలల తరబడి వండిన పొడి. నా మనసు ఇంట్లో ఉంది. ఏడే, అనుకున్నాను. గీత దాకా మామూలు నీళ్లు పోసి మూత బిగించేశాను. రెండో రోజు గుండీ దానంతటదే బయటికొచ్చింది. మా ఆయన దాన్ని కడిగి మళ్లీ ఆ చొక్కాకే కుట్టుకున్నాడు, ఎవరెన్ని అన్నా వినలేదు. ఆ నీలం చొక్కా కనిపించినప్పుడల్లా నాకు ఏడో కొలత గుర్తుకొచ్చేది.

చివరలు బయటే ఉన్నాయని వచ్చింది. పెద్దసారు అనుకున్నట్టే వచ్చింది కాబట్టి ఎవరూ మళ్లీ అడగలేదు. అనుకున్నట్టు రాకపోతే సీసా కడిగారా, మూత బిగించారా, పాళ్లు సరిగ్గా ఉన్నాయా అని వంద అడుగుతారు. లెక్కల పిల్ల పల్చటి ప్లాస్టిక్ కాగితం మీద తన లెక్క చెప్పే గీతని చుక్కలతో, కొలత చెప్పే గీతని నిండుగా గీసుకుని, వెలుతురుకి పట్టి చూస్తూ ఉండేది. రెండు గీతలూ ఒక్కచోటే విడిపోతాయి. నడుమ చిన్న వంపు ఉంది, ఆమె గీత అక్కడ కిందకి దిగి లేస్తుంది, రెండోది దిగదు. ఒకరోజు పెద్దసారుతో, "సీసాలో ఏముందో కూడా ఒకసారి చూద్దాం సార్" అంది. నేను తొట్టి దగ్గర సీసాలు కడుగుతున్నాను. నా వైపు చూడలేదు ఆమె. నీళ్ల చప్పుడు ఎక్కువ చేశాను, వినపడనట్టు.

ముప్పై ఆరు లక్షలు. నాలుగూ పద్నాలుగు. అంకెలు ఆగిపోయాయి.

ఏమీ మోగలేదు, ఏమీ కూలలేదు. అంకెలు ఉన్నచోటనే నిలబడ్డాయి. యంత్రం సారు పక్క గదిలోంచి వచ్చి, "షట్టరు పడిపోయిందక్కా, ఎవరో ఫోటో కోసం కంచె తలుపుకి ఆనుకున్నట్టున్నారు" అన్నాడు. కిరణానికి అడ్డంగా ఉండే ఇనుప తలుపది. కంచె కొంచెం కదిలినా దానంతటది పడిపోతుంది, మళ్లీ తెరవాలంటే తాళం చెవి కంట్రోలు రూములో నిమిషాల బాబాయ్ దగ్గర ఉంటుంది. ఆయన స్వయంగా వచ్చి, కంచె చుట్టూ నడిచి, లోపల ఎవరూ లేరని నాలుగు మూలలా నాలుగు మీటలు నొక్కాలి. నిమిషం ముందూ నిమిషం వెనకా లేని మనిషని ఆ పేరొచ్చింది. మోకాళ్లు అరిగిపోయాయి. ఫోను చేశాను, వస్తున్నానన్నాడు. నేను చేయగలిగింది అంతటితో అయిపోయింది. ఇరవై ఆరేళ్ల నుంచి ఈ హాల్లో ఉన్నాను, ఆ తలుపు ముట్టుకునే అధికారం నాకు లేదు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఏం తోచక దేవుడికి దణ్ణం పెట్టుకుందామనుకున్నాను, ఏమని పెట్టుకోవాలో తెలీలేదు. నెల్లాళ్ల నుంచి ఇదే. ఆ పిల్ల గీత నిజం కావాలని మొక్కుకుంటే నేను ఏడోది పోయలేదని మొక్కుకున్నట్టు. నేను పోసి ఉండాలని మొక్కుకుంటే ఆ పిల్ల నాలుగేళ్ల కష్టం తప్పని మొక్కుకున్నట్టు. ఏది అడిగినా ఒకరి మీద పడుతుంది. అడగకుండా కళ్లు మూసుకుంటే కొలత గొట్టమే కనిపిస్తోంది, బల్ల మీద అడ్డంగా, తడిగా.

ఈ గంట బాకీ కూడా నా చేతి తప్పుతోనే పడింది. ఆ కొలత అయిన నెలకి ఆమెకి ఒక గంట దక్కింది, కొత్తగా కలిపి మళ్లీ కొలుచుకోవడానికి. పొడి ఇంకో చిటికెడు మిగిలింది. ఆ పొద్దునే వేరే బృందం వాళ్ల సీసా మూత మరని నేను గట్టిగా బిగించాను, గాజు చిట్లి వాళ్ల ద్రవం కిందకి కారిపోయింది. వాళ్ల పెద్దాయన హాలంతా వినపడేట్టు అరిచాడు. ఇలాంటివాళ్లని ఎవరు పెట్టారిక్కడ, రేపటి నుంచి ఈవిడ ఉంటే మేం రాం, అని. నా ఉద్యోగం ఏడాదికేడాది కాగితం. లెక్కల పిల్ల తన గది గుమ్మంలోంచి వచ్చి, "మీకు పోయింది గంటే కదండీ, నాది తీసుకోండి. అక్క నాకు తర్వాత ఇస్తుంది" అని పుస్తకంలో రాసేసింది. నేను వద్దనలేదు. ఏడుపు ఆగాక నా కడుపులోకి ఒక చల్లదనం వచ్చింది. హమ్మయ్య, మళ్లీ కొలవరు, అన్న చల్లదనం. ఆ మర ఎందుకంత బిగించానని చాలాసార్లు నన్ను నేనే అడిగాను. నా చెయ్యి ఇరవై ఆరేళ్లలో బిగింపు తప్పింది ఆ ఒక్కసారే. చేతికి మనసు చెప్పని మాటలు తెలుస్తాయా స్వామీ, అని ఆయన్నీ అడిగాను. నాలుగు రోజుల్లో రియాక్టరు మరమ్మతుకి ఆగింది, పద్నాలుగు నెలలు లేవలేదు. ఆమెకి జీతం ఆగిపోయింది. లెక్కకీ కొలతకీ పొంతన కుదరలేదని థీసిస్ చివర తనే రాసుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు లారీలు ఏ దారిలో పోతే ఎంత డీజిలు తాగుతాయో లెక్కవేసే కంపెనీలో ఉంది. పోయిన వారం ఫోను చేసి, నీ గంట ఇచ్చేస్తానమ్మాయ్ అన్నాను. "ఇప్పుడెందుకక్కా అది" అంది. మళ్లీ తనే, "పొడి ఇంకా ఉందా?" అంది. ఉంది. ఫ్రిజ్‌లో వెనక మూల, ఆమె చేతిరాత చీటీతో, పదకొండేళ్లూ నేనే కనిపెట్టుకుని ఉన్నాను, ఫ్రిజ్ మారినప్పుడు జాకెట్లో పెట్టుకుని మోశాను. ఇవాళ పొద్దున యంత్రం సారుని పక్కన నిలబెట్టుకుని, పైకి వినపడేట్టు లెక్కపెడుతూ పోశాను. "ఏంటక్కా ఒకటో క్లాసులాగా" అన్నాడు. ఏడు అని రెండుసార్లు అన్నాను.

నిమిషాల బాబాయ్ వచ్చాడు. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. మొదటి మీట. కాస్త తొందరగా బాబాయ్, అన్నాను. "ముప్పై ఏళ్లుగా తిరుగుతున్న రౌండిది. చివరి రోజు పరిగెత్తమంటావా?" అన్నాడు. రెండో మీట. కంచె లోపలికి వంగి చూసి, "లోపల ఎవరూ లేరు కదా" అన్నాడు, నాతో కాదు, గోడతో. నాలుగో మీట దగ్గర ఆగి నా మొహం చూశాడు. "నీకెంత కావాలి?"

"తొంభై లక్షలు. ఐదింటికి అవదు బాబాయ్. ఎంత లేదన్నా పద్నాలుగు లక్షలు తగ్గుతుంది."

"ఐదింటికి రియాక్టరు ఆపే కడ్డీలు దించడం మొదలెడతాను. ఒక్క నిమిషం ఆగను."

"తెలుసు."

"మొదలెడతానన్నాను, అయిపోతుందనలేదు. నెమ్మదిగా దించాలి, ఇరవై నిమిషాలు పడుతుంది. షట్టర్లు ముందే మూస్తుంటాం, అలవాటు కొద్దీ. మూయమని కాగితంలో ఎక్కడా లేదు. నీది వదిలేస్తా. వచ్చినంత రానీ." మీట నొక్కాడు. నాలుగూ ముప్పై మూడు దాటింది. అంకెలు మళ్లీ కదిలాయి.

యాభై. అరవై. ప్లాస్టిక్ కాగితం తెర మీద ఆనించి పట్టుకున్నాను. ఆమె వెళ్లేటప్పుడు చెత్తబుట్టలో వేసిన కాగితమే, తీసి దాచాను. గీతలు కదలకుండా మోచేతులు బల్లకి ఆనించాను. చుక్కలు కుదురుకుంటున్నాయి. పెద్ద చదువు లేదు కానీ ఇన్నేళ్లుగా ఇలాంటి గీతలు వేలు చూశాను. వంపు దగ్గర మూడు చుక్కలు రెండు గీతల మధ్యా ఎటూ తేల్చుకోకుండా ఉన్నాయి. ఒకటి కిందకి దిగింది. మళ్లీ లేచింది. పెద్దసారు ఉంటే ఇంకాస్త ఆగమ్మా అనేవారు. ఆయన పోయి మూడేళ్లు. ఆయన గీత పోతే ఇప్పుడు ఆయనకి తగిలేదేమీ లేదు, ఆ పిల్ల గీత నిలబడితే ఆమెకి దక్కేదీ లేదు, లారీలు అలాగే తిరుగుతాయి. మరి ఎందుకింత ఆత్రం నాకు. నా చెయ్యి ఎలాంటిదో నాకు తెలియాలనా. తెలిస్తే మాత్రం ఏం చేస్తాను. చిన్నదానికి పదమూడేళ్లొచ్చాయి, గుండీ మింగావే నువ్వు అంటే నమ్మదు.

ఐదు. గోడ అవతల నుంచి సైరనేమీ రాలేదు. కంట్రోలు రూము వైపు ఎవరో చప్పట్లు కొట్టారు, ఒకరిద్దరు కలిశారు, ఆగిపోయింది. డెబ్బై ఐదు లక్షల తొంభై వేలు. అంకెలు ఇంకా పరిగెడుతూనే ఉన్నాయి, తేడా తెలియలేదు. నాలుగైదు నిమిషాలకి తెలిసింది. చివరి అంకె కంటికి ఆనని వేగంతో తిరిగేది, ఇప్పుడు గజిబిజిగా తెలుస్తోంది. ఎనభై రెండు. గదిలోంచి యంత్రం సారు వచ్చి నా వెనక నిలబడ్డాడు. అణువు అక్కడే ఉంది, సీసా అక్కడే ఉంది, చూసే వెలుతురే తగ్గిపోతోంది. కొడిగట్టే దీపం పక్కన కూర్చుని నూనె పోయలేని మనిషిలా ఉన్నాను. ఎనభై ఏడు. వంపు దగ్గర మూడు చుక్కలూ కిందకి దిగాయి. దిగి అక్కడే ఉన్నాయి. మోచేతులు సర్దుకుని, కాగితం తీసి మళ్లీ పెట్టి చూశాను. చుక్కల గీత మీదే ఉన్నాయి. ఆ పిల్ల గీత మీద.

అయితే నేను పోయలేదు.

నా కళ్లలోకి నీళ్లేమీ రాలేదు. ఇంత చిన్నగా ఉంటుందా జవాబు అనిపించింది. పదకొండేళ్లు ఇది తెలిస్తే పడిపోతాననుకున్నాను, కుర్చీలోనే ఉన్నాను, నడుం నొప్పి కూడా అలాగే ఉంది. సారు, "అక్కా, తేలిపోయింది కదా, ఆపేద్దామా?" అన్నాడు. వద్దన్నాను. తేలడం వేరు, గంట వేరు. ఎనభై తొమ్మిది లక్షల నలభై వేలు. ఇప్పుడు వేల అంకెలు ఒక్కొక్కటిగా మారడం కనిపిస్తోంది, మధ్యలో ఆగిపోతాయేమో అన్నట్టు. అప్పుడు దొరికింది నాకు ఏమని అడగాలో. ఎవరు ఒప్పో, ఎవరు తప్పో అడగను స్వామీ, ఇక తెలిసిపోయింది. ఈ అరవై వేలు పడనీ. ఇంతకన్నా చిన్న కోరిక నిన్నెవరూ అడిగి ఉండరు. ఐదూ పదిహేను దాటి కొంచెం అయింది. తొంభై లక్షలు పడింది. దాని మీద ఇంకో నాలుగు వేలు పడి, ఆగీ ఆగీ, ఒకటీ అరా పడుతూ ఉంది. నేను ఆపు మీట నొక్కాను.

ఫోటో పంపి, ఫోను చేశాను. వెనకాల లారీల హారన్లు, ఎవరో ఏదో బండి నంబరు చదువుతున్నారు.

"పడిందా అక్కా గంట?"

"పడింది. తొంభై లక్షలూ. ఫోటో చూడు."

చూస్తోందని తెలుస్తోంది. "వంపు" అంది.

"నీ గీత మీదే ఉంది."

"కాగితం ఎక్కడిదక్కా మీకు?"

"దాచాను. అమ్మాయ్, ఇంకోటి చెప్పాలి. అప్పుడు కలిపినప్పుడు నేను ఏడో కొలత పోయలేదు. ఆరే పోశాను."

"మీకు అప్పుడే తెలుసా?"

"తెలీదు. అనుమానం. ఇవాళ తెలిసింది."

"అనుమానం అప్పుడే ఉందా?"

"ఉంది."

హారన్లు. ఎవరో ఆమెని పిలిచారు, రెండు నిమిషాలాగండి అంది వాళ్లతో, గొంతు మామూలుగానే ఉంది. ఏం అన్నా పడదామని కూర్చున్నాను. పడడానికి కూడా ఆమె ఏదో ఒకటి అనాలి కదా. నా చేతిలో ఇక ఏమీ లేదు.

"ఏడో కొలత గురించి నన్నేమీ అడక్కండక్కా. ఇవాళ నేనేం అనలేను. రేపు కూడా అంటానో లేదో తెలీదు."

"అడగను."

"పుస్తకం ఉందా అక్కడ?"

"ఒళ్లోనే ఉంది."

"గంట మాత్రం ముట్టింది. నేను రాలేను కదా, మీరే రాయండి. నేను రాయమన్నానని కూడా రాయండి, లేకపోతే చెల్లదు." పెట్టేసింది.

తెర మీద మానిటరు అంకె ఇక కదలడం లేదు. యంత్రం సారు కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. పెన్ను మొదట పడలేదు, అట్ట మీద నాలుగు గీతలు గీసి పడేట్టు చేశాను. పదకొండేళ్ల కిందటి ఆమె చేతిరాత పక్కన, ఖాళీగా ఉన్న చోట రాశాను. ముట్టింది. చెప్పినది లెక్కల పిల్ల, రాసినది సీసాల అక్క.